స్విచ్చు దగ్గర మనిషి

ఆ రోజు మా బిల్డింగు మెకానిక్కు లిఫ్టు తలుపుకి తాళం వేసి, తాళంచెవి పెదాల మధ్య పెట్టుకుని నిలబడ్డాడు. చేతులు రెండూ గ్రీజు. మరలైనా, తాళంచెవులైనా, చిన్న సామాను ఏదైనా సరే వాడికి నోట్లోనే చోటు. అది నోరా, పనిముట్ల పెట్టా అని ఎన్నిసార్లు తిట్టానో లెక్కలేదు.

ఎదురుగా బిల్డింగు సెక్రటరీ ఉన్నాడు. ఆయన కాపురం పై అంతస్తులో. ఆ సాయంత్రం ఆయన ఆఫీసు పెద్దలు భోజనానికి వస్తున్నారు. నా ఇస్త్రీ బల్ల లిఫ్టు పక్కనే, మెట్ల కింద. ఈ బిల్డింగులో ఎవరు ఎవరితో తగువు పడినా ముందు వరసలో కుర్చీ నాదే.

"తియ్యవయ్యా ఆ తాళం. ఈ ఒక్క సాయంత్రం నడవనీ. రేపు తీరిగ్గా బాగుచేసుకో," అన్నాడు సెక్రటరీ.

వాడు తాళంచెవి నోట్లోంచి తీసి, "బ్రేకు అరిగిపోయిందండీ. ఆగాల్సిన చోట ఆగట్లేదు," అన్నాడు.

"పొద్దుటిదాకా ఆగింది కదా."

"పొద్దున నేను చూడలేదండి. ఇప్పుడు చూశాను."

"నీ చూపే మా కొంప ముంచేట్టుంది. మీ కంపెనీకి ఫోన్ చేస్తాను. రేపట్నుంచి ఈ బిల్డింగుకి నిన్ను పంపొద్దని చెప్తాను. తెలిసిందా?"

తెలిసిందండి అన్నట్టు తలూపి, వాడు తాళం తీశాడు. తలుపు బార్లా తెరిచాడు. పక్కకి జరిగి, పెళ్లివారిని లోపలికి పిలిచినట్టు చెయ్యి చాపాడు.

"ఎక్కండి. మీరూ అమ్మగారూ ముందు. పై దాకా వెళ్లి తిరిగి కిందకి వచ్చెయ్యండి. మీరు దిగాక మీ పెద్దల్ని ఎక్కిద్దాం."

సెక్రటరీ ఒక కాలు ఎత్తాడు. ఎత్తిన కాలు ఎక్కడ పెట్టాలో తెలియక కాసేపు అలాగే ఉంచాడు.

"నువ్వు ఎక్కు ముందు," అన్నాడు.

"బాగుచేసిన లిఫ్టయితే నేనే ముందు ఎక్కుతానండి. అది మా నియమం. దీన్ని నేను బాగుచెయ్యలేదు. బాగానే ఉందన్నది మీరు. ఎవరు బాగుందంటే వాళ్లే ఎక్కాలి."

కూరల సంచీ పట్టుకుని అంతసేపూ వెనకాల నిలబడ్డ సెక్రటరీ భార్య మెట్లకేసి తిరిగింది. తగువు అక్కడితో తేలిపోయింది. ఆయన మొహం చూసి నాకు జాలేసి, "సెక్రటరీ గారూ, మెట్లు ఇటు," అని దారి చూపించాను.

నలభై దాటినా వాడు ఈ బిల్డింగు మొత్తానికి లిఫ్టబ్బాయే. నన్ను పిన్నీ అంటాడు. అందరూ అంటారు గాని, వాడు అంటే ఆ మాటకి బరువుంటుంది. టీ వేళకి వచ్చి, నా బల్ల దగ్గర స్టూలు మీద కూర్చుని, పని గురించి చెప్తాడు. అలా వినీ వినీ లిఫ్టు పనిలో సగం నాకూ వచ్చేసింది.

వాళ్ల పనికి రెండు నియమాలు. బాగుచేసినవాడే ముందు ఎక్కాలన్నది ఒకటి, అది పైన చెప్పాను. రెండోది ఇంకా గట్టిది. లిఫ్టు కింద గుంటలోకి ఒకడు దిగితే, కరెంటు స్విచ్చు దగ్గర ఇంకొకడు నిలబడాలి. వాడికి వేరే పని ఉండదు, నిలబడటమే పని. బిల్డింగు యజమాని వచ్చి అరిచినా, దేవుడు దిగొచ్చి అడిగినా స్విచ్చు వెయ్యకూడదు. లోపలున్నవాడు 'వెయ్' అనాలి. ఆ గొంతు చెవిన పడ్డాకే వెయ్యాలి.

"అంటే గొంతుని నమ్మాలన్నమాట," అన్నాను నేను.

"గొంతు తప్ప ఇంకేం ఉంది పిన్నీ. మనిషి కనపడడుగా."

వాడికి స్విచ్చు దగ్గర నిలబడటానికి ఒకాయన ఉండేవాడు, మీసాలాయన అనేవాళ్లం. ఆయన రిటైరయ్యాక ఆ చోటులో కంపెనీ ఇంకెవర్నీ పెట్టలేదు. ఊరికే నిలబడేవాడికి జీతమేమిటనుకుంది కాబోలు. కూర్చుని లెక్కలు వేసేవాళ్లకి నిలబడేవాడి విలువ ఏం తెలుస్తుంది.

తర్వాత ఒకరోజు వేరే వీధిలో వేరే బిల్డింగులో, వాడు ఒంటరిగా గుంటలో ఉండగా, లిఫ్టు రావట్లేదని విసుక్కుంటూ ఎవరో వెళ్లి స్విచ్చు వేశారు. పైనున్న లిఫ్టు దిగింది. వాడు గోడవైపు దూకి, స్ప్రింగుల పక్కన నడుం మెలిపడి పడ్డాడు. ప్రాణం దక్కింది గాని నడుం దక్కలేదు.

ఆస్పత్రిలో కోసి, కుట్టి, నొప్పికి బిళ్ళలిచ్చి ఇంటికి పంపారు. ఆ బిళ్ళల్ని నేను తిట్టను. అవే లేకపోతే వాడు మంచం దిగేవాడు కాదు. కానీ అవి నల్లమందు సంతానమని మాకు తెలియదు. తాత పేరు చెప్పకుండా మనవడు ఇంట్లో దూరాడు. మొదట్లో నొప్పికి వేసుకున్నాడు. తర్వాత నొప్పి వస్తుందేమోనని వేసుకున్నాడు. ఆ తర్వాత, వేసుకోకపోతే వచ్చే బాధ తప్పించుకోవడానికి వేసుకున్నాడు. డాక్టరు రాసివ్వడం మానేశాడు. వీధిలో అమ్మేవాళ్లు మానలేదు.

నాకు తెలిసింది ఇస్త్రీపెట్టె వల్ల. ఒక మధ్యాహ్నం వాడు స్టూలు మీద కూర్చుని టీ గ్లాసు పట్టుకునే తల వాల్చాడు. అలిసిపోయాడనుకుని నేను దుప్పటి మడత పెడుతున్నాను. కాలిన వాసన వచ్చింది. దుప్పటే కాలిందనుకుని తిరగేసి చూశాను. దుప్పటి బాగానే ఉంది. వాడి మోచెయ్యి జారి ఇస్త్రీపెట్టెకి ఆనుకుని ఉంది. నేను పట్టి లాగితే గాని రాలేదు.

"ఏంటి పిన్నీ," అన్నాడు నెమ్మదిగా కళ్లు తెరిచి.

మెట్ల కింద మసక వెలుగులో ఎవరి కంటిపాపైనా పెద్దదవుతుంది. వాడివి ఆవగింజలంత ఉన్నాయి, మత్తు ఎక్కినవాడి కళ్లలా. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడం అంటారు. వాడు చెయ్యి కాలాక కూడా దేన్నీ పట్టుకోలేదు.

"ఏం మింగుతున్నావురా?"

"నడుం నొప్పికి పిన్నీ."

"నడుం నొప్పి ఉన్నవాడికి చెయ్యి కాలితే తెలుస్తుంది."

నేను చన్నీళ్లు పోస్తుంటే వాడు చేతికేసి కాక, కింద పారే నీళ్లకేసి చూశాడు. "ఇంట్లో చెప్పకు," అన్నాడు.

"నేనెందుకు చెప్తాను. నువ్వే చెప్తావు."

చెప్పాడు. వాడి భార్య రొట్టెల ఫ్యాక్టరీలో తెల్లవారు షిఫ్టు. నాకు వరసకి కోడలవుతుంది. మాట తక్కువ మనిషి. అరవలేదు, ఏడవలేదు. "ఆ బిళ్ళలు లేని మొహంతో రా. తలుపు తీస్తాను," అందట. అంతే.

వాడు మా బిల్డింగు పైన లిఫ్టు మిషను గదిలో చాప వేసుకున్నాడు. సెక్రటరీకి తెలియదు. తనంతట తానే మానేస్తానని పంతం పట్టాడు. నేను మెట్లెక్కి వెళ్లి చూశాను ఆ పంతాన్ని. ఆవలింత మీద ఆవలింత. ముక్కు కారడం, ఎండపూట వణుకు, ఒంటి మీద వెంట్రుకలన్నీ లేచి నిలబడటం, కడుపులో నీళ్లు కూడా ఆగకపోవడం. కాళ్లు వాటంతట అవే తన్నుకుంటున్నాయి. "ఎముకల్లో ఎవరో మర బిగిస్తున్నారు పిన్నీ," అన్నాడు. మర్నాడు వెళ్లేసరికి ఒళ్లు ఆరి, కళ్లు మళ్లీ ఆవగింజలై, గోడకి ఆనుకుని కూర్చున్నాడు. వీధికి వెళ్లొచ్చాడన్నమాట. నా మొహం చూడలేక మిషను చక్రం తుడవడం మొదలెట్టాడు.

పెద్దాస్పత్రి గోడ మీద కాగితం చూసింది వాడే. నొప్పి బిళ్ళలు మానలేకపోతున్నవాళ్లకి కొత్త పద్ధతిలో వైద్యం, ట్రయలు, ఇష్టమున్నవాళ్లు రావచ్చు అని చదివి వినిపించాడు. ఒంటరిగా వెళ్తే గుమ్మం దగ్గర నుంచే తిరిగొచ్చేస్తానేమోనని నన్ను తోడు రమ్మన్నాడు.

అక్కడ నర్సు చిన్నది, చలాకీ మనిషి. కూర్చోబెట్టింది.

"ట్రయలంటే ప్రయోగమేగా," అన్నాను. "ఎలుకలూ కుందేళ్లూ అయిపోయి ఇప్పుడు మనుషుల మీద పడ్డారా అమ్మా?"

"అవన్నీ అయిపోయాకే మనుషుల దగ్గరికి వస్తాం అమ్మా. మందు కొత్తది కాదు. నాలుక కింద పెట్టుకునే బిళ్ళగా ఎప్పట్నుంచో ఇస్తున్నాం. ఆ బాధ రానివ్వకుండా నిలబెడుతుంది. అదే మందు నెలకోసారి సూదిగా ఇస్తే మనిషి ఇంకా గట్టిగా నిలబడతాడా అన్నదే మేం చూస్తున్నది."

"అయితే సూది వెయ్యి, పోతాం."

"అలా కాదు. అందరికీ రెండూ ఇస్తాం. నెలకో సూది, రోజుకో బిళ్ళ. రెంటిలో ఒకదాన్లోనే మందుంటుంది. రెండోది ఉత్తిది."

"ఏది ఉత్తిది?" అన్నాడు వాడు.

"నాకు తెలియదు."

"డాక్టరు గారికి?"

"ఆయనకీ తెలియదు. ఎక్కడో కంప్యూటరుకి తెలుసు. మేం ఎవర్నీ ఒక కంట ఎక్కువ, ఒక కంట తక్కువ చూడకూడదని అలా పెట్టారు."

"ఇచ్చేవాళ్లూ గుడ్డే, పుచ్చుకునేవాళ్లూ గుడ్డే," అన్నాను. "గుడ్డెద్దు చేలో పడ్డట్టుంది."

నర్సు నవ్వింది. "దాని పేరే అది అమ్మా. రెండు వైపులా గుడ్డి అంటారు." తర్వాత వాడికేసి తిరిగి, నవ్వు ఆపి చెప్పింది. ఇష్టం లేకపోతే పక్క గదిలో మామూలు వైద్యం ఉంది, అదే బిళ్ళ, ఏ గుట్టూ లేకుండా. ట్రయల్లో చేరినా ఎప్పుడైనా దిగిపోవచ్చు, ఎందుకని ఎవరూ అడగరు, వైద్యం ఆపరు. కానీ చేరితే మాత్రం బిళ్ళ ఒక్క రోజు కూడా మానకూడదు, మానితే దాచకూడదు.

"ఇక్కడ ఇది ఇంతకు ముందు ఎవరైనా చేశారా?" అడిగాడు వాడు.

"మొదటి కొద్దిమందిలో మీరొకరు."

"ఎవరో ఒకరు ముందు ఎక్కాలిగా."

"బాగుచేసినవాడే ముందు ఎక్కాలన్నావు కదరా," అన్నాను నేను. "డాక్టర్ని ఎక్కించు."

వాడు నవ్వాడు. ఆ నవ్వు చూసి చాలా కాలమైంది. నవ్వుతూనే సంతకం పెట్టాడు.

వచ్చేముందు నర్సు ఒక చిన్న ప్లాస్టిక్ బుడ్డి చూపించింది. ముక్కులో కొట్టే మందు. వీధి బిళ్ళ వేసుకుని మనిషి ఊపిరి ఆగిపోతుంటే, తల వెనక్కి వంచి, ముక్కు రంధ్రంలో పెట్టి నొక్కాలి. వెంటనే అంబులెన్సుకి ఫోన్ చెయ్యాలి. ఊపిరి రాకపోతే రెండో బుడ్డి కొట్టాలి. లేచాక పక్కకి తిప్పి పడుకోబెట్టాలి. ఖాళీ బుడ్డి ఇచ్చి నా చేత నొక్కించింది కూడా. పుట్టి బుద్ధెరిగినప్పట్నుంచీ బట్టల మీద నీళ్లు చల్లుతున్నదాన్ని, చల్లడం నాకు నేర్పుతున్నావా అన్నాను.

"మీకు కాదు, ఇది ఈయన దగ్గరుండేవాళ్లకి. ఇంట్లో ఎవరి దగ్గర పెడతారు?"

"మా ఆవిడ దగ్గర," అన్నాడు వాడు. అని, రెండు బుడ్లున్న అట్టపెట్టెని పనిముట్ల సంచీలో వేసుకున్నాడు.

ఆ తర్వాత కొన్నాళ్లు బాగా గడిచాయి. వాడి మొహానికి రంగొచ్చింది. అన్నం తిన్నాడు. నడుం నొప్పి అన్నాడంటే నిజంగా నడుం నొప్పే. చొక్కాలు ఇస్త్రీకి తెచ్చి, "మిషను గదిలో ఉండేవాడికి మడత చొక్కాలేంటని నవ్వకు," అన్నాడు. వాడి భార్య షిఫ్టు నుంచి వస్తూ నా బల్ల మీద వేడి రొట్టె పొట్లం పెట్టి, ఎవరికని చెప్పకుండా వెళ్లేది. ఎవరికని నేనూ అడిగేదాన్ని కాదు. తలుపు ఇంకా తీయలేదు గాని, గొళ్లెం మీద చెయ్యి పడింది.

చెడింది వాడి చేతి అలవాటు వల్లే. లిఫ్టుని మోసేది ఒక తాడు కాదట, పక్కపక్కన కొన్ని ఉంటాయి. ఏది బరువు మోస్తోందో, ఏది వదులైందో తెలుసుకోవాలంటే మెకానిక్కు వేలితో తీగ మీటినట్టు మీటుతాడు. మోసే తాడు పలుకుతుంది. వదులు తాడు ఊగుతుందే గాని పలకదు. వాడు ఎన్ని వేల తాళ్లు మీటాడో. ఆ వేలు ఊరికే ఉండలేదు.

"పిన్నీ, రెండు తాళ్లకి వేలాడుతున్నాను. ఒకటి వదులుది. ఏదో తెలిస్తే బావుండు," అన్నాడొక రోజు.

"తెలిసి ఏం చేస్తావు?"

"తెలుసుకుని ఉంటాను."

"నర్సుకే తెలియదట. ఆవిడ హాయిగా లేదూ?"

"నర్సు వేలాడట్లేదుగా తాడుకి."

"తెగేదాకా లాగకు," అన్నాను.

"లాగను పిన్నీ. మీటి చూస్తానంతే."

మాటవరసకి అన్నాడనుకున్నాను. వాడు మాత్రం మనసులో లెక్క కట్టేశాడు. సూది వేసిన చోట గడ్డ కట్టి, కొన్నాళ్లు మండింది. ఇంత మండేది ఉత్తిది ఎలా అవుతుంది, కాబట్టి బిళ్ళే ఉత్తిది. ఉత్తి తాడు తీసేస్తే లిఫ్టు ఎక్కడికీ పోదు. పొద్దున్నే నాలుక కింద పెట్టుకోవాల్సిన బిళ్ళని మరలు దాచుకునే డబ్బాలో వెయ్యడం మొదలెట్టాడు.

మొదట ఏమీ కాలేదు. తానే గెలిచాననుకుని ఉంటాడు. తర్వాత ఆవలింతలు వచ్చాయి. ముక్కు కారుతుంటే జలుబన్నాడు. చొక్కా చేతులు కిందకి లాక్కున్నాడు, రోమాలు లేచింది కనపడకుండా. దొంగకి తేలు కుట్టినట్టు మూలుగు మింగుకుంటూ తిరిగాడు. నర్సుకి చెప్తే ట్రయల్లోంచి తీసేస్తారు, తీసేస్తే ఇంటి తలుపు మళ్లీ బిగుసుకుంటుంది, ఇదీ వాడి భయం. దాచకూడదని ఆవిడ చెప్పిన మాట వాడికి గుర్తు లేదు. డబ్బాలో మళ్లీ ఆ బిళ్ళలే ఉన్నాయి, తీసి వేసుకుంటే పోయేది. అదీ తట్టలేదు. పాత దారే తట్టింది.

ఆ పొద్దున లిఫ్టు కింది అంతస్తులో తలుపులు తెరుచుకుని ఆగి ఉంది. లోపల దీపం లేదు. పైన తాళ్లు శుభ్రం చేసేటప్పుడు వాడు స్విచ్చు తీసేస్తాడు, మామూలే. సెక్రటరీ సంచులతో వచ్చి నిలబడ్డాడు. నాలాగే ఆయనకీ మోకాళ్లు అరిగాయి.

"మీ అబ్బాయి పైన కాపురం పెట్టాడా ఏంటి? ఎంతసేపు?" అన్నాడు.

నేను లిఫ్టు పక్క సందులో నోరు పెట్టి కేకేశాను. ఆ గొట్టంలో మాట పైదాకా పోతుంది. వాడు ఎప్పుడైనా "ఆఁ పిన్నీ" అంటాడు. అనలేదు. ఇంకోసారి కేకేశాను. నా గొంతే తిరిగొచ్చింది.

"చెవుల్లో ఏదో పెట్టుకుని పాటలు వింటున్నాడేమో," అన్నాడు సెక్రటరీ.

"వాడు గొట్టం దగ్గర ఎప్పుడూ చెవులు మూసుకోడు," అన్నాను.

ఇస్త్రీపెట్టె తీగ ఊడబీకి మెట్లెక్కాను. ఎలా ఎక్కానో అడగకండి. వెనకాల సెక్రటరీ రొప్పుతూ ఎక్కాడు. సంచులు కిందే వదిలేశాడు. ఆ మాట ఆయన గురించి చెప్పాలి.

మిషను గది తలుపు దగ్గరగా వేసి ఉంది. తోస్తే గ్రీజు వాసన. మేకుకి నేను ఇస్త్రీ చేసిన చొక్కా వేలాడుతోంది, మడత చెదరలేదు. వాడు మోటారుకి ఆనుకుని, గడ్డం ఛాతీ మీద వాలి ఉన్నాడు. పెదాలు నేరేడుపండు రంగు. గోళ్లు కూడా. గొంతులో గురక లాంటిదొకటి వచ్చింది, నీళ్లలో బుడగ పేలినట్టు. ఆ తర్వాత ఏమీ రాలేదు. మేం ఎదురు చూశాం. ఏమీ రాలేదు.

"అంబులెన్సుకి ఫోన్ చెయ్యండి," అన్నాను సెక్రటరీతో. "చేసి, వాణ్ణి వెల్లకిలా పడుకోబెట్టండి."

ముక్కు మందు ఎక్కడుందో నాకు తెలుసు. పనిముట్ల సంచీ తలకిందులుగా దులిపాను. పానాలు, టేపు, గుడ్డముక్కలు, మరల డబ్బా. డబ్బా మూత ఊడి మరలతో పాటు తెల్ల బిళ్ళలు నేల మీద దొర్లాయి, కొన్ని తాళ్లు దిగే కన్నంలోంచి కిందకి రాలిపోయాయి. మీటుతానంటే ఏమిటో నాకప్పుడు అర్థమైంది. ముక్కు మందు అట్టపెట్టె ఆ కుప్ప అడుగున దొరికింది. చింపాను. తల వెనక్కి వంచి, ముక్కులో పెట్టి నొక్కాను.

ఏమీ లేదు.

"ఏమ్మా," అన్నాడు సెక్రటరీ చెవి దగ్గర ఫోను పెట్టుకునే. "పోయాడా?"

"నోరు మూసుకోండి. ఊపిరి వింటున్నాను."

వినపడలేదు. మోటారు కూడా ఆగి ఉంది కాబట్టి ఆ గదిలో ఏ చిన్న చప్పుడైనా వినపడాలి. ఛాతీ మీద చెయ్యి వేశాను. ఇస్త్రీ చేసి చల్లారిన బట్టలా ఉంది. ఇదేం మందురా, దీన్లో కూడా ఉత్తిది కలిపారా అనుకున్నాను. రెండో బుడ్డి తీసి రెండో ముక్కు రంధ్రంలో కొట్టాను.

కాసేపటికి ఛాతీ నా చేతి కింద ఎగిరింది. నీళ్లలోంచి తేలినవాడిలా గాలి లాగాడు. మళ్లీ లాగాడు. కళ్లు తెరిచి, నన్ను చూసి, "ఎందుకు లేపావ్" అని కసిరాడు. ఒళ్లంతా చెమట, వాంతి. పక్కకి తిప్పి పట్టుకున్నాను. తిట్టనీ అనుకున్నాను. తిట్టేవాడికి ఊపిరి ఉన్నట్టే.

ఆస్పత్రిలో మర్నాడు నర్సు వార్డుకి వచ్చింది. వాడు దుప్పటి గడ్డందాకా లాక్కుని, బిళ్ళలు మానేసిన సంగతి చెప్పాడు. వీధికి వెళ్లిన సంగతీ చెప్పాడు. "నన్ను తీసేస్తారుగా," అన్నాడు.

"మానేసింది చెప్పారు, మంచిది. ఏది అసలుదనుకుంటున్నారో మాత్రం నాకు చెప్పకండి," అని నర్సు అరచెయ్యి అడ్డం పెట్టింది. "మీకు తెలిసిపోయిందనుకుంటున్నారేమో. తెలియలేదు. నెలాఖరుకి సూది పలచబడినా ఇలాగే ఉండొచ్చు. భయంతో కూడా ఒళ్లు ఇలాగే చేస్తుంది."

వాడు దుప్పటి తోసి లేవబోయాడు. "ఇంత చేసినా నాకు తెలియలేదా?"

"లేదు."

"తాడు సంగతేమో గాని," అన్నాను నేను, "మెకానిక్కుకే ఒక మర వదులు."

డాక్టరు వచ్చి చెప్పాడు. తప్పటడుగు వేసినవాణ్ణి వెళ్లగొట్టడం వాళ్ల పద్ధతి కాదట. పక్క గది వైద్యానికి మారినా సరే, ట్రయల్లోనే ఉన్నా సరే, వాడి ఇష్టం. ఉంటే మాత్రం బిళ్ళ రోజూ ఒకరి కళ్లముందు వేసుకోవాలి. ముక్కు మందు ఆ ఒకరి దగ్గరే ఉండాలి. ఆ ఒకరు ఎవరో చెప్పాకే రెండో సూది.

వాడి భార్య షిఫ్టు నుంచి తిన్నగా వచ్చింది, మోచేతులదాకా పిండి. మంచం చివర నిలబడి, వాడి పాదం పట్టుకుంది. పట్టుకుని చాలాసేపు వదల్లేదు. "ఇంటికి రా," అంది చివరికి. తర్వాత నాతో, "పొద్దుటి పూట నేను ఇంట్లో ఉండను అత్తయ్యా," అంది. ఆ ఒకరు ఎవరో నాకు అర్థమైంది.

వాడు ఆస్పత్రి నుంచి వచ్చాక ఒక పొద్దున్న నా బల్ల దగ్గరికొచ్చి స్టూలు మీద కూర్చున్నాడు. మోచేతి మీద కాలిన మచ్చ తెల్లగా మారింది. చేతిలో ముక్కు మందు అట్టపెట్టె.

"పక్క గదికి మారిపోరాదురా," అన్నాను. "ఏది ఏమిటో తెలిసిన మందు. సుఖం."

"సగంలో దిగిపోతే ఆ తాడు మోస్తుందో లేదో వెనకాల వచ్చేవాళ్లకి ఎవరు చెప్తారు పిన్నీ? నేను ముందు ఎక్కానుగా."

"ఎక్కావు. ఎక్కి మధ్యలో వేలాడావు."

"అందుకే ఒకటి అడుగుదామని వచ్చా. కాదంటే కాదను."

"అడుగు. చొక్కాలు మాడిపోతున్నాయి."

"రోజూ పొద్దున్నే వస్తాను. నీ ముందే నాలుక కింద పెట్టుకుంటాను. కరిగేదాకా మాట్లాడకూడదు."

"ఇన్నాళ్లకి ఆ నోట్లో పెట్టుకోవాల్సిన సామాను దొరికింది."

"కరిగాక నాలుక ఎత్తి చూపిస్తాను. చూడు. నమ్మి వదిలెయ్యకు. ముక్కు మందు నీ సొరుగులో ఉంచుకో. నీ ఇస్త్రీపెట్టె వేడెక్కేలోపు నేను రాకపోతే, వెతుక్కుంటూ రా."

"నా మోకాళ్ల సంగతేంటి?"

"లిఫ్టు బాగా ఉంచుతాగా."

అట్టపెట్టె బల్ల మీద పెట్టాడు గాని చెయ్యి తీయలేదు. ఇంకా ఏదో ఉందని నాకు తెలుసు. ఇస్త్రీపెట్టె పక్కన నిలబెట్టాను.

"స్విచ్చు దగ్గర మనిషి, లోపలున్నవాడి గొంతు నమ్మాలని చెప్పానుగా," అన్నాడు.

"చెప్పావు."

"నాది నమ్మకు. ఏదో ఒక రోజు నేనే అంటాను, బాగానే ఉన్నా పిన్నీ, ఈ ఒక్క పూటకి వదిలెయ్ అని. నవ్వుతూ అంటాను. ఒట్టేసి అంటాను. నీ మోకాళ్ల మీద జాలిపడి అంటాను. ఆ గొంతు వినకు. నన్ను ఈ మెట్ల కిందకి, మసకలోకి లాగు. లాగి, కంటిపాప చూడు."